కాళ్ళ లెక్క

ఆండాళు థీసిస్‌లో దొర్లిన పెద్ద తప్పు నాది. రాసింది ఆమె. నోరు మూసుకొని రాయనిచ్చింది నేను.

అది 1963 వేసవి. మా అమ్మాయి హైదరాబాద్‌లో డాక్టరీ నాలుగో ఏడు చదువుతోంది. వాళ్ళ కాలేజీలో ఆ ఏడాది ఒక కొత్త పద్ధతి పెట్టారు. ప్రజారోగ్యం చదివే ప్రతి విద్యార్థీ ఒక ఊరికి వెళ్ళి, ఒక జబ్బును పట్టుకొని, ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకొని, అరవై పేజీలకు తగ్గకుండా పరిశోధన వ్యాసం రాయాలి. దాన్ని ఒప్పుకుంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. లేదంటే ఏడాది పోయినట్టే. ఆండాళు మా ఊరినే తీసుకుంది. జబ్బును వెతుక్కోవాల్సిన అవసరం లేకపోయింది. నారికురుపు.

ఇప్పటి పిల్లలకు ఆ పేరు తెలియదు. అదొక అదృష్టం. తాగే నీళ్ళతో కంటికి ఆనని పురుగు కడుపులోకి పోతుంది. ఏడాదికి మూరెడు పొడవు పెరిగి, కాలి మీద బొబ్బ లేపి, తెల్లటి నూలుపోగులా బయటికి వస్తుంది. గుంజితే తెగి కాలంతా చీము పడుతుంది. అందుకని చీపురుపుల్లకు చుట్టి, రోజుకు అంగుళం చొప్పున తీయాలి. నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. అన్నాళ్ళూ మనిషి మంచానికే. మా ఊళ్ళో అందరూ తాగేది ఒక్క మెట్లబావి నీళ్ళే. మెట్లు దిగి, నీళ్ళలో నిలబడి కడవ ముంచుకునేవాళ్ళు. పుండున్న కాలూ ఆ నీళ్ళలోనే, తాగే కడవా ఆ నీళ్ళలోనే.

పోచంపల్లికి నాలుగు కోసుల దూరంలో ఉంటుంది మా ఊరు. అప్పుడు నూట పన్నెండు ఇళ్ళు. అందులో నలభై ఎనిమిది సాలెవాడవి. నేను ఆ వాడలోనే పుట్టి, హైదరాబాద్‌లో బి.ఎ. చదివి, మళ్ళీ ఆ ఊరి బడికే పంతులుగా వచ్చాను. నా భార్య కౌసల్య పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆమె ఉన్నంతకాలం మా ఇంట్లో మగ్గం ఆడింది. ఆమెతోపాటు అదీ ఆగింది. ఆండాళును పెంచి పెద్దచేసింది మా అక్క శ్యామలమ్మ.

ఏప్రిల్‌లో ఆండాళు ఇల్లిల్లూ తిరుగుతుంటే వెంట నేనూ తిరిగాను, గొడుగు పట్టుకొని, సిరాబుడ్డి మోసుకుంటూ. వ్యవసాయం చేసే ఇళ్ళు, కూలికి పోయే ఇళ్ళు కలిపి అరవై నాలుగు. వాటిలో ముప్పై ఏడుగురికి నారి లేచింది. వాకిట్లో మంచాల మీద కాళ్ళు చాపుకొని ఉన్నారు, అడగాల్సిన పని కూడా లేదు. సాలెవాడలో మాత్రం ఇద్దరే తేలారు. మిగతావాళ్ళంతా మాకు ఆ రోగం రాదు బిడ్డా అన్నారు. ఆండాళు అలాగే రాసుకుంది. నేతవాళ్ళ పరిశుభ్రమైన అలవాట్లే ఇందుకు కారణం కావచ్చునని ముగింపు కూడా రాసి, వాళ్ళ మేష్టారికి ఇచ్చింది.

మే ఆఖరి వారంలో ఆ ప్రతి వెనక్కి వచ్చింది. భువనగిరిలో రైలు దిగి, మధ్యాహ్నపు ఎండలో ఇల్లు చేరిన ఆండాళు, చెంబెడు నీళ్ళు తాగి, ఫైలు నా ముందు పెట్టింది. అరవై ఒకటో పేజీలో ముగింపు మీద అడ్డంగా ఎర్ర పెన్సిల్ గీత. పక్కన ఇంగ్లీషులో రెండు ప్రశ్నలు. పరిశుభ్రత అంటే ఏమిటి? ఎవరి కాళ్ళు నీ కళ్ళతో చూశావు? కింద గడువు రాసి ఉంది, జూన్ ఇరవై.

"ఎవరివీ చూడలే బాపూ," అంది. "అడిగిన, చెప్పిండ్రు, రాసుకున్న. గంతే."

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

"మనోళ్ళు నాకు అబద్ధం చెప్పిండ్రా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఏప్రిల్ నుంచీ ఉంది. సాలెవాడలో నారి లేస్తే బయటికి చెప్పరు. మగ్గం గుంటలో కూర్చొని కాళ్ళతో చెక్కలు తొక్కితేనే బట్ట దిగేది. కాలికి పుండని తెలిస్తే సావుకారి నూలు ఇంకొకరికి ఇస్తాడు. అందుకని మనిషి ఊరికి పోయాడని చెప్పి లోపల పడుకోబెడతారు. అసలు ఆ పేరే ఇంట్లో ఎత్తరు. తెల్లటి పోగులా ఉంటుంది కదా, పేరు తలిస్తే మగ్గం మీది పోగులు తెగుతాయని ఒక నమ్మకం. నా చిన్నప్పుడు, బట్టలమ్ముతూ ఊళ్ళు తిరిగే మా బాపుకు లేస్తే రెండు నెలలు ఆయన్ని యాదగిరిగుట్టకు పంపించాము, ఊరివాళ్ళ లెక్కలో. నిజానికి వెనక అర్రలోనే ఉన్నాడు.

ఇదంతా ఆండాళుకు చెప్పాను.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"మన వాడ శుభ్రమైనదని నువ్వు రాస్తుంటే సంతోషమైంది బిడ్డా. అడ్డం రాబుద్ధి కాలే."

ఆమె కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చుంది. వంటింట్లోంచి అక్క అన్నానికి పిలిచింది. ఆండాళు ఆకలి లేదంది. పీట మీద కూర్చొనే వంట చేస్తున్న అక్క, లేచి రాకుండా అక్కడినుంచే రెండుసార్లు పిలిచి ఊరుకుంది. మోకాళ్ళ నొప్పులని పదిహేను రోజులుగా ఆమె బావికి కూడా పోవడం లేదు. ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేలు పొలంలో కూలి చేసే ఉప్పలమ్మ పొద్దున్నే రెండు కడవలు తెచ్చిపోసేది.

మరునాటినుంచి ఆండాళు మళ్ళీ సాలెవాడంతా తిరిగింది. ఈసారి నన్ను రావొద్దంది. నేను పక్కనుంటే పంతులు ముందు పరువు కోసం ఇంకా దాస్తారని ఆమె అనుమానం, నిజమే కావచ్చు. వారం తిరిగినా లెక్క రెండు దాటలేదు. అందరికంటే మెత్తగా మాట్లాడింది పట్టు నేసే రామచంద్రయ్య భార్య ప్రమీలమ్మ. తాగమని మజ్జిగిచ్చి, తన భర్త భువనగిరి పోయాడని, వచ్చాక తనే కబురు పంపుతానని చెప్పింది. అప్పుడు లోపలినుంచి దగ్గు వినిపించిందట. అది పిల్లి అని కూడా చెప్పిందట. చెబుతూ ఆండాళు నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వింది అప్పుడే.

నూలు నేసే ఎల్లస్వామి అయితే వేళాకోళమాడాడు. "డాక్టరమ్మా, సాలోని కాళ్ళు గుంటల పుట్టి గుంటల్నే ఉంటయి. మీదికొస్తే గద నీకు కనపడేటియి."

ఆ మాట నా చెవిన పడ్డాకే నాకొకటి తట్టింది. సాలెవాళ్ళ కాళ్ళు గుంటలోంచి పైకొచ్చే సందర్భం ఒకటుంది. పడుగుకు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులకు, గంజి పెట్టే రోజు. ముప్పై గజాల పడుగును వీధి పొడవునా గుంజల మధ్య సాగదీసి, ఇద్దరు ముగ్గురు కొసలు బిగించి పట్టుకుంటే, మిగతావాళ్ళు కుంచెలతో గంజి పట్టిస్తూ ముందుకీ వెనక్కీ నడవాలి. ఎండెక్కితే గంజి ఎండి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి కాబట్టి, తెల్లవారుతూనే మొదలుపెట్టి గంటలో ముగించాలి. ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఎవరి పడుగైనా వాడలోని ప్రతి ఇంటినుంచీ మగ్గం మీది మనిషి వచ్చి చెయ్యి వేయాలి. పట్టు నేసే ఇళ్ళకు గంజి అవసరం లేదు. అయినా ఆ మర్యాద వాళ్ళూ తప్పరు. రాలేదంటే నడవలేని స్థితిలో ఉన్నట్టే.

ఎల్లస్వామి పడుగు పెట్టిన రోజు నేనూ వెళ్ళాను. కౌసల్య పోయాక మళ్ళీ ఆ పనికి పోవడం అదే మొదలు. ఎవరూ ఎందుకొచ్చావని అడగలేదు. ఒక కొస నా చేతికిచ్చారు. పట్టుకొని నిలబడి వచ్చినవాళ్ళను లెక్కపెట్టాను. తొమ్మిది ఇళ్ళ మనుషులు లేరు. అందులో ఒకడు నారి లేచిందని ఏప్రిల్‌లోనే ఒప్పుకున్న సైదులు, నూలు మూటలు మోసుకొస్తూ ఊళ్ళు తిరిగేవాడు. మిగతా ఎనిమిదీ పట్టు ఇళ్ళు. నాకది పట్టు నేసేవాళ్ళ బడాయిలా కనిపించింది తప్ప ఇంకేమీ తోచలేదు.

ఇంటికొచ్చి గొప్పగా ఆండాళుకు చెప్పాను. ఆమె విని తల అడ్డంగా ఊపింది.

"రానోళ్ళను లెక్కపెడితే థీసిస్ కాదు బాపూ. చూడాలె. కాలు చూడాలె, పుండు చూడాలె, ఎన్నిరోజులాయెనో అడగాలె. లేకుంటే మా సార్ మళ్ళ గదే ప్రశ్న వేస్తడు." వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఇంక పదహారు రోజులున్నయి," అంది.

అక్క అన్నం వడ్డిస్తూ ఇద్దరి మాటలూ విన్నది.

మళ్ళీ పడుగు పెట్టింది నాలుగు రోజులకు, గుర్వమ్మ ఇంటిది. గుర్వమ్మకు భర్త లేడు. ఇద్దరు కోడళ్ళను పెట్టుకొని రెండు మగ్గాలు ఆడిస్తుంది. నోరు పెద్దది, చేతిపని అంతకంటే పెద్దది. ఆ పొద్దున ఆండాళు కూడా నాతో వచ్చి, ఒక వాకిట్లో నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. మబ్బు పట్టి చల్లగా ఉంది. మృగశిర వచ్చేస్తోందని, ఇంకాసేపు ఎండ రాకపోతే బాగుండునని అందరూ అనుకుంటున్నారు. గంజి పట్టించడం సగం అయింది. కొస నా చేతిలో ఉంది.

అప్పుడు వీధి మలుపులో మా అక్క కనిపించింది. దుడ్డుకర్ర పట్టుకొని, ఒక్కో అడుగు చూసుకొని వేస్తూ వస్తోంది. ఇంటినుంచి అక్కడికి రెండు వందల అడుగులుంటుందేమో. ఆ దూరం ఆమె నడుస్తుంటే నాకు ఎంతో పొడుగ్గా అనిపించింది. పోయి చెయ్యి పట్టుకుందామంటే కొస వదలడానికి లేదు. వదిలితే పడుగంతా సడలి నేలకు తగులుతుంది. అలాగే బిగించి పట్టుకొని చూస్తూ ఉండిపోయాను.

వచ్చి, ఆండాళు పక్కన అరుగు మీద కూర్చుంది. ఊపిరి తీసుకుంది. చీర కుచ్చిళ్ళు చీలమండ పైకి జరిపి, కాలికి చుట్టిన గుడ్డ విప్పింది. నాకు దూరంనుంచి కూడా కనిపించింది, పిక్క కింద అంటిపెట్టుకొని ఉన్న చీపురుపుల్ల, దానికి చుట్టిన తెల్లటి పోగు.

"ముందు నాది రాసుకో," అంది.

ఆండాళు ఆమె కాలు వైపు చూసింది, మొహం వైపు చూసింది. రోజూ ఆమె చేతి అన్నం తింటూ, ఒకే ఇంట్లో ఉంటూ, డాక్టరీ చదువుతూ తను చూడలేదు. చిన్నవాటిని కూడా గమనిస్తానని లోపల్లోపల మురిసే నేనూ చూడలేదు.

"ఎన్ని రోజులాయె అత్తమ్మా?" అంది ఆండాళు. పెన్ను అప్పటికే కాగితం మీద ఉంది.

"ఇరవై ఏడు. ఇంక జానెడు ఉన్నదనుకుంట."

కుంచెలు ఆగలేదు. గంజి ఎండిపోతుంది కాబట్టి ఆగడానికి లేదు. కానీ మాటలు ఆగిపోయాయి. మనుషులు ముందుకీ వెనక్కీ నడుస్తూ, అరుగు దగ్గరికి రాగానే తల తిప్పి ఆ కాలు చూసి పోతున్నారు. పంతులు ఇంటి ఆడబిడ్డ, వీధిలో అందరి ముందూ, కాలు చాపుకొని కూర్చుంది. గుర్వమ్మ ఒక్కతే నోరు తెరిచింది. "శ్యామలక్కా, గంత నొప్పితోని ఎట్ల నడిచొచ్చినవే?" అక్క, నడిచి రాకుంటే ఎత్తుకొస్తారా అంది. ఎవరో నవ్వారు.

పని ముగిసి పడుగు చుట్టేవేళకు ప్రమీలమ్మ వచ్చింది. అరుగు దాకా రాకుండా కొంచెం దూరంలో నిలబడి, మా అమ్మాయితో, "మా ఆయన భువనగిరి నుంచి వచ్చిండు బిడ్డా, వచ్చి చూసిపో," అంది. ఆయన ఏ బస్సుకు దిగాడని ఎవరూ అడగలేదు. అది ఆ వాడ చేసిన మేలు.

మధ్యాహ్నానికి ఆండాళు ఎనిమిది పట్టు ఇళ్ళలో మగవాళ్ళ కాళ్ళు చూసింది. సాయంత్రానికి ముగ్గురు ఆడవాళ్ళు తామే పిలిచి చూపించారు. మిగతా ఇళ్ళు రెండు రోజుల్లో పూర్తిచేసింది. ఈసారి ప్రతి ఇంట్లో ప్రతి మనిషి కాలూ తన కళ్ళతో చూసింది. పసిపిల్లల పాదాలు కూడా. అంతకుముందు తేలిన ఇద్దరితో, మా అక్కతో కలిపి పద్నాలుగు మంది.

లెక్క పూర్తయిన రోజు ఆమె సంతోషిస్తుందనుకున్నాను. వసారాలో చాప మీద కాగితాలన్నీ పరచుకొని దిగులుగా కూర్చుంది. నేతవాళ్ళకు రాదన్నది మొదటి ప్రతి. ఇప్పుడు వాళ్ళకూ వస్తోంది, అందరిలాగే. మరి చెప్పడానికేముంది? ఊళ్ళో నారి ఉందని చెప్పడానికి అరవై పేజీలెందుకు?

ఇంటింటి వివరం శుభ్రంగా ఎక్కించుకోవాలి కాబట్టి, ఆమె చదువుతుంటే నేను రాయసాగాను. గడప దగ్గర పీట మీద కాలు చాపి, అక్క చేటలో బియ్యం ఏరుతోంది. రామచంద్రయ్య ఇల్లు, ఒకరు. పరమేశ్వర్ ఇల్లు, ఒకరు. లింగయ్య ఇల్లు, ఇద్దరు. ఆండాళు చదువుతూ పోతుంటే, అక్క బియ్యంలోంచి తల ఎత్తకుండానే, "అన్నీ పట్టిండ్లే గదనే," అంది.

ఆండాళు ఆగింది. మళ్ళీ మొదటినుంచి చూసింది. ఒక్క నిమిషంలో రెండు వరసలు గీసింది. నూలు నేసే ఇళ్ళు ఇరవై తొమ్మిది, అందులో ఇద్దరు. పట్టు ఇళ్ళు, మగ్గం లేని మా ఇల్లు కలిపి పంతొమ్మిది, అందులో పన్నెండుగురు. అదే కులం, అదే వీధి, అదే బావి. నూలు ఇళ్ళలోని ఆ ఇద్దరిలో ఒకడు ఊరూరి నీళ్ళు తాగే సైదులు. రెండోది గుర్వమ్మ చిన్నకోడలు హనుమమ్మ, పుట్టింటినుంచి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఈ జబ్బు ఏడాది కిందట తాగిన నీళ్ళది కదా.

"నూలు ఇండ్లల్ల ఏమున్నది? పట్టిండ్లల్ల ఏం లేదు?" ఆండాళు తనలో తను అడుగుతున్నట్టు అంది.

"గంజి," అన్నాను నేను.

"గంజి తాగితే నారి రాదా ఏంది," అంది ఆండాళు.

అక్క చేట పక్కన పెట్టింది. "గంజిల నలక ఉంటే పోగు తెగుతది. అందుకని బావి నుంచి నీళ్ళు రాంగనే కాగు మూతికి నాలుగు మడతల సన్నగుడ్డ కట్టి వడబోస్తరు. గంజికి వేరే, తాగనీకి వేరే ఎవడు తెస్తడు? ఇంట్ల ఉండేది ఒక్క కాగే. పట్టుకు మారినోళ్ళకు గా బాధ లేదు. గుడ్డ తీసి అవతల పడేసిండ్రు."

ఆండాళు మెల్లగా అడిగింది, "అమ్మ ఉన్నప్పుడు మనింట్ల ఎవరికన్న లేసిందా అత్తమ్మా?"

"ఒక్కలకు గూడ లేదు."

నేను లేచి వాకిట్లోకి పోయి నిలబడ్డాను. పెళ్ళయి వచ్చిన నాటినుంచి కౌసల్య రోజూ పొద్దున కాగు మూతికి గుడ్డ బిగించి కట్టడం నేను చూశాను. ఆమె కోరుకుంది పడుగులో పోగు తెగకూడదని మాత్రమే. అన్నేళ్ళూ మమ్మల్ని మంచాన పడకుండా చూస్తున్నానని ఆమెకు తెలియదు. చేసేవాళ్ళకు కూడా తెలియని దయ ఒకటుంటుందని నాకప్పుడు అర్థమైంది. లోపల ఆండాళు పాత ముగింపు మీద గీత కొట్టేసి కొత్త కాగితం తీసిన చప్పుడు వినిపించింది.

తరవాతి పనులు వేగంగా సాగాయి. ఆండాళు గుర్వమ్మ ఇంట్లో వడబోసిన గుడ్డను తీసుకొని, కొంచెం నీళ్ళలో జాడించి, ఆ నీళ్ళను గాజుసీసాలో పోసి ఎండకు ఎత్తి పట్టింది. బావి నుంచి వచ్చే ఆడవాళ్ళు గుమిగూడారు. మొదట ఏమీ కనిపించలేదు. చూపు నిలిపితే, సన్నటి తెల్లటి చుక్కలు, ఒక్కొక్కటీ ఎగిరెగిరి దూకుతున్నాయి.

మాకు నీళ్ళు పోసే ఉప్పలమ్మ కడవ దించి, సీసాకు ముక్కు ఆనించి చూసింది. వాళ్ళ ఇంట్లో ఇద్దరు మంచంలో ఉన్నారు. "గివి బతికున్నయా?"

"బతికున్నయి. నారి పిల్లలను కడుపుల పెట్టుకొని తిరిగేటియి గివే," అంది ఆండాళు.

ఉప్పలమ్మ చాలాసేపు సీసా వదల్లేదు. తర్వాత గుర్వమ్మ వైపు తిరిగి, తనకూ ఒక గుడ్డ కావాలంది.

"ఇన్నేండ్లు మా కాగు మీద గుడ్డ చూసి, నీళ్ళకు గూడ పైట కప్పుతున్నవా అని నవ్వినవు గదనే," అంది గుర్వమ్మ.

"నవ్విన. ఇప్పుడు ఏడుస్తున్న. జర గుడ్డ ఇయ్యరాదు."

గుర్వమ్మ లోపలికి పోయి మగ్గం చివర మిగిలిన ముక్కలన్నీ ఒళ్ళో వేసుకొచ్చింది. ఎంత బిగువుగా కట్టాలో, ఎన్ని మడతలు పెట్టాలో, గుడ్డను ఏ వైపు తిప్పి జాడించాలో వాకిట్లోనే చూపించింది. ఆ వారం మొత్తం ఆమె మాటకు ఊళ్ళో ఎదురు లేదు. పట్టు ఇళ్ళ ఆడవాళ్ళు కూడా అటకల మీద గుడ్డలు వెతుక్కున్నారు. ఫలితం ఏడాదికి గానీ తెలియదని ఆండాళు థీసిస్‌లో దాచకుండా రాసింది. మరుసటి వేసవిలో తనే వచ్చి చూస్తే, ఆ అరవై నాలుగు ఇళ్ళలో ముప్పై ఏడుగురు ఎనిమిదికి దిగారు. అది తరవాతి సంగతి.

వ్యాసం ఇక ముగుస్తుందనగా ఆమె నా దగ్గరికొచ్చింది. మొదటి లెక్క ఎలా తప్పయిందో ఒక అధ్యాయం రాయాలంది. అడిగితే చెప్పరని, ఎందుకు చెప్పరో, ఏ పని రోజున కాళ్ళు బయటికొస్తాయో, అన్నీ రాయాలంది. కాస్త తటపటాయించి, "ఆ కులంల చదువుకున్న పెద్దమనిషికి తెలిసీ చెప్పలేదని గూడ రాయాలె బాపూ. లేకుంటే నిజం కాదు," అంది.

రాయమన్నాను. ఆ అధ్యాయం శుద్ధప్రతి నా చేత్తోనే రాశాను. దస్తూరి బాగా కుదిరింది.

జూన్ పద్దెనిమిదిన వ్యాసం అందజేసింది. నెలాఖరున మౌఖిక పరీక్ష. నేనూ వెంట వెళ్ళాను. వరండాలో నిలబడి ఉంటే, అటెండరు ఒకాయన ఎవరి తాలూకని అడక్కుండా స్టూలు తెచ్చి వేశాడు. లోపల వాళ్ళ మేష్టారు, పొరుగు రాష్ట్రంనుంచి వచ్చిన మరో పరీక్షకుడు ఉన్నారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు పడుతోంది. ఆండాళు వెళ్ళి ముప్పావుగంట అయింది. స్టూలు మీద కూర్చోలేక లేచాను, నిలబడలేక కూర్చున్నాను. మధ్యలో ఒకసారి లోపల ముగ్గురూ నవ్విన చప్పుడు వినిపించింది.

ఆమె బయటికొచ్చి, కొంగుతో మెడ తుడుచుకుంటూ, "ఒప్పుకున్నరు బాపూ. అన్నిట్ల నాదే మంచిగున్నదన్నరు," అంది. వచ్చిన పరీక్షకుడు ముగింపు గురించి కంటే తప్పు అధ్యాయం గురించే ఎక్కువ అడిగాడట. పడుగంటే ఏమిటో, ఎంత పొడుగుంటుందో, కొస పట్టుకున్నవాడు వదిలితే ఏమవుతుందో చేతులతో చూపించమన్నాడట. నవ్వు అందుకట. తన లెక్క తప్పని తనే రాసిన విద్యార్థిని ఇరవై ఏళ్ళలో చూడలేదన్నాడట. వాళ్ళ మేష్టారు మాత్రం ఎర్ర పెన్సిల్ తీసి, కొత్త ముగింపు కింద చిన్న టిక్కు పెట్టి సంతకం చేశాడట.

అట్ట వేసిన ప్రతులు మూడు. రెండు కాలేజీకి, ఒకటి మాకు. మా ప్రతి పట్టుకొని ఊరొచ్చిన సాయంత్రం వాన తుంపర పడుతోంది. అక్క అప్పటికి కర్ర వదిలేసి నడుస్తోంది. పాసైందనగానే మురిసిపోతుందనుకున్నాను. ఆమె మొదట అడిగింది వేరు.

"నా కాలు ఎన్నో పేజీల ఉన్నది?"

ఆండాళు వెతికి ముప్పై ఏడో పేజీ తీసి చూపించింది. చదువు రాని అక్క ఆ ఇంగ్లీషు వరసల మీద వేలు ఆనించి చాలాసేపు చూసింది. మరునాటికి ఈ సంగతి వాడంతా పాకింది. ఒక్కొక్కరూ వచ్చి తమ కాలు ఎక్కడుందో చూపించమన్నారు. సైదులు తన దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. పేజీ పైభాగంలో ఉన్నందుకు లింగయ్య, అడుగున ఉన్నందుకు పరమేశ్వర్ ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారు. అందరికంటే ఆలస్యంగా వచ్చింది రామచంద్రయ్య. కుంటు పోయింది. తలుపు దగ్గరే నిలబడి, తన ఇంటి వరస చదివించుకొని విన్నాడు.

"డెబ్బై ఒకటో ఇల్లు, మగ మనిషి, ఎడమ కాలు," అని అర్థం చెప్పింది ఆండాళు.

"మరి పేరేది?"

"పేర్లు రాయొద్దు పెదనాయినా. ఎవరికీ నామోషీ కావొద్దని ఇండ్ల నంబర్లే వేస్తం."

ఆయన పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. "నామోషీ ఏమున్నది? దాసుకుంటే గదా నామోషీ. గీ పుస్తకం రేపు ఎవడో చదువుతడు. డెబ్బై ఒకటంటే వానికేమెరుక?" అని, నా జేబులోంచి పెన్ను తీసుకొని, అరుగు మీద కూర్చొని, ఆ వరస పక్కన ఖాళీలో పట్టు అంచు నేసినంత నెమ్మదిగా తన పేరు మొత్తం రాశాడు. రాసి, సిరా ఆరేదాకా ఊది, పుస్తకం పరమేశ్వర్‌కు అందించాడు. పరమేశ్వర్ రాసి లింగయ్యకు ఇచ్చాడు. మా అక్క సిరాబుడ్డిలో బొటనవేలు ముంచి తన వరస పక్కన గట్టిగా అద్దింది.

కాలేజీలో ఉన్న ప్రతులు ఇప్పటికీ శుభ్రంగానే ఉండుంటాయి. మా ఇంట్లో ఉన్నదాని ముప్పై ఏడో పేజీలో ఇంగ్లీషు కంటే తెలుగే ఎక్కువ.